కుచ్చులు కత్తిరించిన బండి

సెప్టెంబర్ 10, శనివారం

నాన్న బండి మీద గొంగడి లేదు. నారిన్ పట్నం కాలేజీ నుంచి మినీబస్సులో వచ్చి కొట్టంలోకి తొంగిచూస్తే మొదట కనబడింది అదే. నానమ్మ తడిగుడ్డతో పెట్రోల్ ట్యాంకు తుడుస్తోంది.

పదకొండు నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా కొండ ఊళ్లలో మగవాడు పోతే అతని గుర్రం తోక కత్తిరిస్తారు. ఏడాది నిండేదాకా ఎవరూ ఎక్కరు. పోయినవాడే దానిమీద తిరుగుతుంటాడని నమ్మకం. ఏడాది విందు రోజున దాన్ని కోసి, వయసునుబట్టి, వరసనుబట్టి ఊరందరికీ పంచుతారు.

నాన్నకు గుర్రం లేదు. ఉన్నదాన్ని అమ్మి ఈ చైనా క్రూయిజర్ బైకు కొన్నాడు. చిన్న ఇంజిన్, పల్లపు సీటు, ఎద్దు కొమ్ముల్లాంటి హ్యాండిల్, దాని చివర్లకు తోలు కుచ్చులు. పశువుల డాక్టరు గాడిదెక్కి వస్తున్నాడ్రోయ్, కాళ్లు నేలకి రాసుకుంటాయి, జాగ్రత్త డాక్టరూ అని గొర్రెలకాపరులు నవ్వేవాళ్లు. నాన్న పోయిన రోజు నానమ్మ ఉన్ని కత్తిరించే కత్తెర తెచ్చి, ఏడవకుండా, ఆ కుచ్చులు రెండూ కత్తిరించింది.

ఇవాళ తనే అంది. ఇనుముని కోసుకు తింటామా ఏంటే? ఒకటో తారీఖున విందు అయిపోనీ. లైసెన్స్ తెచ్చుకుని నువ్వే తోలుకుందువు. ఈలోగా ఎక్కావో, చూడు మరి.

ఇంకా మూడు వారాలు! నాకు అన్నం సహించలేదు.

సెప్టెంబర్ 17, శనివారం

ఎక్కాను.

చప్పుడు వినాలనుకున్నాను, అంతే. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వాలులోకి దొర్లించాను. ఇంజిన్ అందుకుంది. అప్పుడే దిగాల్సింది. దిగలేదు. నాన్న నేర్పిన క్లచ్ నా వేళ్లకు ఇంకా గుర్తుంది. వంతెన దాకా వెళ్లి వచ్చాను.

ఆ చప్పుడుకు సరైన మాట వెతుకుతున్నాను. దడదడ కాదు. గుడగుడ కాదు. డుబుడుబు కొంచెం దగ్గర. మూడూ కొట్టేశాను. మా ఇంట్లో ఆ చప్పుడుకు ఒకటే అర్థం ఉండేది: నాన్న వచ్చాడు.

సాయంత్రం 6

నానమ్మ సంత నుంచి వచ్చి తిన్నగా కొట్టంలోకి వెళ్లింది. గుర్రం మెడ మీద చెమట చూసినట్టు ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

సెప్టెంబర్ 18, ఆదివారం

వాడు పదకొండు నెలలు దానిమీద హాయిగా తిరిగాడు, నువ్వు రెక్క పట్టుకుని దింపేశావు అంది నానమ్మ. గొంతు పెంచలేదు. గడువు నిండకుండా వేరేవాళ్లెక్కిన గుర్రం ఇంట్లో ఉండకూడదంది. కోసెయ్యాల్సిందేనంది.

టోక్టోసున్ బాబాయి నవ్వాడు. దేంతో కోస్తావే అమ్మా, స్పానర్‌తోనా అన్నాడు. స్పానర్‌తోనే అంది నానమ్మ. బాబాయి నవ్వు అక్కడే ఆగిపోయింది.

నేను నానమ్మ కాళ్లు పట్టుకున్నాను. లే, తప్పు చెప్పుకోవలసింది నాకు కాదు, వాడికి అంది.

సెప్టెంబర్ 27, మంగళవారం

లైసెన్స్ వచ్చింది. ఎవరికీ చూపించలేదు.

అక్టోబర్ 1, శనివారం

విందు. ముందు మాంసం వడ్డించారు. తర్వాత పెరట్లో గొంగడి పరిచి, దాని మీద బండిని నిలబెట్టారు. మెకానిక్ జోల్చు బిస్మిల్లా అని మొదటి నట్టు తిప్పాడు. కొత్త మాట దొరికితే చాలు ఎగిరి గంతేసే నాకు, ఇవాళ ఒక్కో భాగం పేరు వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది. చైను. ఫోర్కు. సైలెన్సర్.

నానమ్మ పంచింది, మాంసం పంచినట్టే. ఊరికి పెద్ద ఓస్మోన్ తాతకు సీటు. దీన్ని ఎంతసేపు ఉడకబెట్టాలమ్మా, నాకసలే పళ్లు లేవు అన్నాడాయన. నవ్వుతూనే నాన్న కూర్చున్నచోట చెయ్యి వేసి నిమిరాడు. బాబాయికి ట్యాంకు. ముల్లాగారికి హెడ్‌లైటు. కోసినవాడి వంతు కాబట్టి జోల్చుకు ఇంజిన్. చక్రాలు, హ్యాండిల్, ఫ్రేము కాపరులకు. గాడిద అని వెక్కిరించినవాళ్లే రెండు చేతులూ చాచి, కళ్లకద్దుకుని తీసుకున్నారు.

చివర్న నన్ను పిలిచింది. రెండు అద్దాలు. మా దగ్గర విందులో చిన్నపిల్లలకు కోసిన పశువు చెవి పెడతారు, పెద్దల మాట వినాలని. అందరి ముందూ చెవులు ఇచ్చింది నాకు. తలెత్తలేకపోయాను.

పెరట్లో నూనె మరక ఒక్కటే మిగిలింది.

అక్టోబర్ 2, ఆదివారం

అద్దాల్లో ఒకదాని వెనక మడిచిన కాగితం దొరికింది. జోల్చు చేతిరాత: ఏ నట్టు ఎక్కడిదో, ఏది ముందో, ఏది తర్వాతో. ఎవరు రాయమన్నారో రాయలేదు.

తీసుకెళ్లి నానమ్మకు చూపించాను. తను చదవలేదు. పెట్టె తెరిచి కత్తిరించిన కుచ్చులు తీసింది. వాడి గుర్రం లెక్క నిన్నటితో తీరిపోయింది, ఎవరికి పెట్టింది వాళ్లది అంది. వాళ్లది వాళ్లు ఎవరికిచ్చుకున్నా నాకు పట్టదంది. కుచ్చులు నా ఒళ్లో పడేసి రొట్టెల పిండి కలపడానికి పోయింది. చాలా పిండి తీసుకుంది. ఇద్దరికి అంత అక్కర్లేదు.

రేపు మొదటిసారి క్లాసు మానేస్తాను. పొద్దున్నే వేడి రొట్టెతో ముందు ఓస్మోన్ తాత ఇంటికి, సీటు అడగడానికి. దానిమీద కూర్చునే టీ తాగుతున్నాడట.