ఇద్దరికీ ఒకటే పుట్టినరోజు

12 జూలై 2025, శనివారం

పొద్దున్నే చెల్లి సంపూర్ణ ఫోన్. ఈ నెలాఖరుతో ఆపేస్తారట. భీమవరం దగ్గర రొయ్యల కంపెనీలో పద్నాలుగేళ్లుగా తలలు తీస్తోంది. అక్కడ యాభై ఎనిమిదికి రిటైర్మెంట్. మరిది పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

దానికి నిజంగా యాభై ఐదే. ఆధార్‌లో మాత్రం నా పుట్టినతేదీ ఉంది.

మధ్యాహ్నం 3

తప్పు నాదే. అమ్మ నాట్లకి పోతే చెల్లిని నేనే చూసుకోవాలి. అందుకని బడికి పంపేవారు కాదు. నాకు ఏడేళ్లు, బడంటే పిచ్చి. ఒకరోజు దాన్ని చంకనేసుకుని వెళ్లి, మేం కవలలమండీ అని మాస్టారికి చెప్పాను. ఇది అన్నం సరిగ్గా తినదండీ, అందుకే ఎదగలేదు అన్నాను. నమ్మారు. నా తేదీయే దానికీ రాశారు.

అది ఐదో క్లాసుతో ఆపేసింది. నేను టీచర్నయ్యాను.

15 జూలై

చెల్లి ఆధార్‌లో తేదీ మార్పిద్దామని వెళ్తే మీసేవలో బర్త్ సర్టిఫికెట్ అడిగారు. లేదు. అక్కని, నేనే సాక్ష్యం అన్నాను. కౌంటర్లో ఆవిడ మా ఆధార్‌లు పక్కపక్కన పెట్టి, ఒకే రోజు పుట్టారు కదండీ, మీరు అక్కెలా అవుతారు అంది.

18 జూలై

మా పుట్టినరోజు. స్కూల్లో కేక్ కోయించారు. హెచ్ఎం లోకనాథ్ గారు, మేడమ్‌కి ఇంకా నాలుగేళ్లు, వద్దన్నా గవర్నమెంటు వదలదు అని నవ్వారు.

వదలమంటే వదులుతుంది. మోకాళ్ల నొప్పులకి వీఆర్ఎస్ అప్లికేషన్ నింపి బీరువాలో పెట్టుకున్నాను. పెన్షన్ వస్తుంది. ఆ మాట సంపూర్ణకి చెప్పాను. ఉండాలనుంటే ఉంటావు, మానాలనుంటే మానతావు, భలే రోజు పుట్టావే అక్కా, మరి నేనూ ఆ రోజే కదా అంది. నవ్వుతూనే అంది.

27 జూలై

కోరుకొండ గుడికెళ్లాను. మెట్లెక్కలేక కిందే దండం పెట్టుకున్నాను. ఏమడగాలో తెలియలేదు.

31 జూలై

శాలువా కప్పి, స్టీలు క్యారేజీ ఇచ్చారట. ఇందులో అన్నం పెట్టుకుని ఎక్కడికెళ్లనే అని అడిగింది.

4 ఆగస్టు

అలవాటుకొద్దీ ఐదింటికే రోడ్డు మీదకెళ్లి నిలబడిందట. కంపెనీ వ్యాను ఆగింది. డ్రైవర్ గంగరాజు తలుపు తియ్యకుండానే, ఏమనుకోకండి పిన్నిగారూ అన్నాడట.

8 ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం

తాంబూలానికి వచ్చింది. కాంట్రాక్టరు షెడ్డు ఒకటుందట. సగం కూలి, పీఎఫ్ లేదు. కాగితాలు అడగరు, చూసి తీసుకుంటారు. జుట్టుకి రంగెయ్యవే అంది. పూజ రోజు వద్దన్నాను.

9 ఆగస్టు

వేశాను. చంటిపిల్లలా తల వంచుకుని కూర్చుంది.

11 ఆగస్టు

వయసు నలభై ఎనిమిదని చెప్పిందట.

నమ్మారట.