వానలో ఎండిన గెడ్డ

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొండ మీద మూడు రోజులుగా వాన. మన గెడ్డ మాత్రం ఈ ఉదయం ఎండిపోయింది. చింతపండు కావిళ్లతో నువ్వూ నీ తోటివాళ్లూ దాటిన చోటే, పల్లపు ఒడ్డున, ఇప్పుడు మా క్వారీ కూలీల రేకుల షెడ్లు ఉన్నాయి. నిన్న పై మలుపులో క్వారీ మట్టి పోసి నీటిదారి మూసేశారు. ఆ టిప్పర్ తోలింది నేనే.

"వానలో గెడ్డ ఎండిందంటే పైన నీరు కట్టుకుందిరా, తెగితే ఒక్కసారే మీద పడతాది. కావిడి దించు" అనేవాడివి.

మేస్త్రీకి అదే చెప్పాను. "నీళ్లు లేని గెడ్డకి బయమేటి బావా?" అని నవ్వాడు.

షెడ్ల తలుపులు తన్ని అందరినీ గట్టెక్కించాను. పిల్లలతో తడుస్తూ నన్నే తిట్టారు. తిట్టనీ. నువ్వుంటే నీ మాట వినేవారు.

మధ్యాహ్నమైంది, నీరు రాలేదు. వంట చేసుకోవాలని ఒక్కొక్కరే మళ్లీ కిందికి దిగుతున్నారు.