వంటింటి పైకప్పు పలికింది

శుక్రవారం, అర్దియా

యూదులు పండు తినేముందు కూడా దేవుణ్ణి తలుచుకుంటారట. మరుగుదొడ్డి నుంచి బయటికొచ్చినా ఆయనకు దండం పెట్టుకుంటారట. ఆయన ఎప్పుడూ ఎదుటే ఉన్నాడన్న ఎరుక పోకూడదని. ఫోన్‌లో ఎవరో చెప్తుంటే విని, పొద్దున్నుంచి నేనూ మొదలుపెట్టాను. నీళ్లు తాగినా వదల్లేదు, బాత్రూమూ వదల్లేదు.

మధ్యాహ్నం, నేను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలు (మేం 'మామా' అంటాం) అతిథుల కోసం దాచిన ఖర్జూరాల డబ్బా తెరిచాను. ఒకటి తీసి కళ్లు మూసుకుని, "సామీ, నువ్వు ఈడనే ఉండావు, నన్ను చూస్తాండావు" అన్నాను.

"లక్ష్మీ!" అంది పైకప్పు.

"సామీ!" అన్నాను.

"యల్లా, చాయ్!"

మామా గొంతు! త్వరగా టీ తెమ్మంటోంది. నిన్న పైన బిగించింది పొగను కనిపెట్టే మిషననుకున్నాను. కెమెరా అట. మాట్లాడుతుందట కూడా.

సంగతి చెప్తే డ్రైవర్ ఖాదరన్న పడీపడీ నవ్వాడు. "దేవునికి చక్కెర ఎంత ఎయ్యాలంటమ్మా?"

నవ్వితే నవ్వనీ. నన్ను తొలుస్తున్నది వేరే. దేవుడు చూస్తున్నాడని నా నోటితో నేనే అన్నంతసేపూ ఖర్జూరం ఆ నోటి దగ్గరే ఉంది. మామా చూస్తోందని తెలియగానే డబ్బాలోకి వెళ్లిపోయింది.