నీ పేరుకు రెండు కార్డులు

వరాలూ,

ఎల్లుండి నీ సంవత్సరీకం. ఇవాళ మీ ఆయన సఖినేటిపల్లి నుంచి నేను పనిచేసే అమలాపురం లైబ్రరీకి వచ్చాడు. పెళ్లికి ముందు నువ్వు అచ్చు వేయించిన పాటల పుస్తకానికి ఇక్కడి సొరుగుల్లో కేటలాగు కార్డు ఉందనీ, దాని మీద మన ఇంటిపేరు ఉందనీ ఎవరో చెప్పారట.

"నా పెళ్లామండీ ఆవిడ. మా ఇంటిపేరే ఉండాలి. మార్పించండి బావగారూ!" అని గట్టిగా అరిచాడు. చదువుకునేవాళ్లంతా తలలెత్తారు.

నేను పుస్తకాలు అందించేవాణ్ణే గాని కార్డులు రాసేవాణ్ణి కాదు. అయినా అతను కార్డు లాగబోతుంటే సొరుగుకు అడ్డంగా నిలబడ్డాను. లైబ్రేరియన్ గారు లేచి వచ్చి నీ పుస్తకం తెరిచారు.

"పుస్తకంలో ఏ పేరు అచ్చయిందో కార్డూ ఆ పేరు మీదే ఉంటుందండి. మీ ఇంటిపేరుతో వెతికేవాళ్ల కోసం ఇంకో కార్డు రాస్తాను."

"ఆయ్, రాయండి," అన్నాడు గెలిచినట్టు. వెళ్లిపోయాడు.

ఆ కార్డును వాళ్ల ఇంటిపేరున్న సొరుగులో నేనే పెట్టాను. దాని మీద పుస్తకం వివరాలేమీ లేవు. పైన వాళ్ల ఇంటిపేరుతో నీ పేరు, కింద మన ఇంటిపేరుతో నీ పేరు, మధ్యలో 'చూడుము' అన్న మాట. అంతే.

నీకు జ్వరం తగ్గనప్పుడు వైనతేయ పాయ దాటి మీ ఊరు వచ్చి, నిన్ను మన ఇంటికి పంపమని మీ ఆయన్ని అడిగాను. "కోతలయ్యాక చూద్దాం లెండి," అన్నాడు. ఆ కోతలు నువ్వు చూడలేదు.

ఇకమీదట ఆ ఇంటిపేరుతో నిన్ను ఎవరు వెతికినా, ఆ కార్డు వాళ్లని నీ పుట్టింటికే పంపుతుంది.

అన్నయ్య