రెండో జేబు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడు గుండుకి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ఈ మాటలు ఉండాలి కాబట్టి రాశాను. మిగతాదంతా నిజమే రాస్తాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా పక్కన కస్టమర్లున్నారంటావు. అందుకే నీ చొక్కాలు సరిచేసి, పైనున్న చొక్కా కుడి జేబులో ఈ కాగితం పెట్టి మరదలి చేతికిస్తున్నాను. అడిగి మరీ కుట్టించుకున్న జేబు కదా, చెయ్యి పెట్టి చూడకపోవు.

అసలు నాకు అనుమానం వచ్చిందే ఆ జేబు దగ్గర. పోయిన ఏడాది చొక్కాలు పంపి, ఛాతీ దగ్గర వదులు చెయ్యమన్నావు. ఎడమవైపు ఉన్నట్టే కుడివైపూ ఒక జేబు వెయ్యమన్నావు. బట్టల షాపు మూలన మెషీను వేసుకుని, జనం బట్టలు బిగిస్తూ వదులు చేస్తూ సగం జీవితం గడిపినదాన్ని. మగవాడు రెండో జేబు అడిగితే పెన్నులు పెట్టుకోవడానికి కాదని నాకు తెలియదా? నీకు నడుము దగ్గర కొలత మారలేదు, పైన మాత్రం మారింది. సిగ్గుపడతావని నోరు మూసుకుని కుట్టిచ్చాను.

ఇప్పుడు అవే చొక్కాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి బిగించమని. పోయిన వారం మరదలు వాటిని తెచ్చి, నా స్టూలు మీద కూలబడి ఒకటే ఏడుపు. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నాడు వదినా అంది. పలకరిస్తే కసురుతున్నాడట. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. నేనంటే మొహం మొత్తిందా, లేక ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే ఉన్నారని చెప్పమను, మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను అంది. పెట్టె కూడా సర్దుకుందట. నీ షాపులో కళ్ళద్దాలకి స్క్రూ బిగించబోతే నీ వేళ్ళలోంచి జారిపోతోందట. దానికోసం నువ్వు బల్ల కింద పాకుతుంటే, ఇక చాల్లెండి అని ఆ కస్టమరు తన ఫ్రేము లాక్కుని వెళ్ళిపోయాడట. పొద్దున్నే పిడికిలి ముడవలేక వేడినీళ్ళ కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడతావట. ఇదంతా చెప్పి, సంచిలోంచి ఒక కళ్ళద్దాల డబ్బా తీసి, అందులో నువ్వు దాచిన మాత్రల షీటు నా ముందు పెట్టింది.

నేను దాని మీద పేరు చదవలేదు. రంగు చూస్తేనే తెలిసిపోయింది. ఎలా తెలుసో తరవాత చెబుతాను.

ఒరేయ్, ఇంజెక్షన్ల సంగతి మా దగ్గర దాచడమెందుకురా? తలలో గ్రంథి ఏదో సరిగా పనిచెయ్యక ఒంట్లో మగ హార్మోను పడిపోయింది, డాక్టరు పరీక్షలు చేసి సూది మొదలుపెట్టాడు. షుగరుకి సూది వేయించుకునేవాళ్ళు తలదించుకుంటున్నారా? సూది మొదలయ్యాక ఇల్లు కళకళలాడిందని మరదలే చెప్పింది. ఆ తరవాత ఛాతీ సలిపి, వాచేసరికి నీకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెళ్ళి చెప్పుకోవాల్సింది ఆ డాక్టరుకి. నువ్వు చెప్పుకుంది జిమ్ములో దొరికిన కండల వీరుడికి. ఆడ హార్మోను పెరిగిపోయింది బ్రదర్, ఇది రోజూ వేసుకుని దాన్ని సున్నా చేసెయ్ అన్నాడట ఆ మహానుభావుడు, అనుమానంతో నీ ఫోను వెతికితే మరదలికి ఆ మెసేజి కనబడిందట. నువ్వు బుద్ధిగా చేసేశావు. నేనేదైనా చెబితే మాత్రం సవాలక్ష ప్రశ్నలు వేస్తావు.

నీ తరఫున నేనొక డాక్టరమ్మని అడిగాను. నువ్వెవరో చెప్పలేదులే, కంగారుపడకు. ఆవిడ హార్మోన్ల డాక్టరుని కూడా అడిగి కనుక్కుని చెప్పింది. నాకు అర్థమైనంతవరకు రాస్తాను. సూదితో వెళ్ళిన మగ హార్మోనులో కొంత ఒంట్లోనే ఆడ హార్మోను, అంటే ఈస్ట్రోజెన్‌గా మారుతుందట. ప్రతి మగవాడికీ మారుతుందట, మారాలట. ఎముకల గట్టిదనానికి, కీళ్ళకి, మనసు కుదురుగా ఉండడానికి, ఆఖరికి పెళ్ళాం మీద కోరికకి కూడా అది కొంత ఉండాల్సిందేనట. మన ఇంట్లో మగాళ్ళు ప్రతి పనికీ ఆడవాళ్ళ మీదే ఆధారపడతారని తెలుసు గానీ, ఎముకలక్కూడా అంతేనని ఇప్పుడే విన్నాను.

ఎక్కువైతే ఛాతీ వాచే మాట నిజమే. అయినా ముందుగా పట్టుకోవాల్సింది ఈ మాత్రని కాదంది. సూది మోతాదు ఎక్కువైందేమో చూస్తారట. ఒకేసారి ఎక్కువ ఇచ్చే బదులు కొద్దికొద్దిగా, తరచుగా ఇచ్చి చూస్తారట. మగవాళ్ళలో ఉండే కాస్తంత ఈస్ట్రోజెన్‌ని కూడా సరిగ్గా పట్టుకునే రక్తపరీక్ష వేరే ఉందట, అది చేయిస్తారట. మనిషికి బాధేమీ లేకుండా ఉత్త అంకె చూసి కంగారుపడరట. అన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు మందు మాట, అదీ డాక్టరు కనిపెట్టుకుని ఉండగా. సున్నా చెయ్యడమేమిటమ్మా, ఎముకలు గుల్లయిపోవూ అంది.

రేపే వెళ్ళు. జిమ్ము సంగతీ, మాత్ర సంగతీ ఏదీ దాచకుండా చెప్పు. సూది మాత్రం నీ అంతట నువ్వు పెంచకు, తగ్గించకు. మరదల్నీ వెంటబెట్టుకెళ్ళు. మీ ఇద్దరి మధ్యా దూరింది ఇంకో ఆడది కాదని నేను చెబితే ఓదార్పు అనుకుంటుంది. డాక్టరు నోటి నుంచి వినాలి ఆ పిల్ల. నువ్వు సిగ్గుతో చచ్చి, అది అనుమానంతో చచ్చి, ఎందుకొచ్చిన కాపురం?

షాపు తెరిచిన రోజు నేను రాలేదని నీకింకా కోపం. అక్కకి ఓర్వలేనితనం అని నలుగురిలో అన్నావట, నా చెవిన పడింది. బాధపడ్డాను, ఎందుకు పడను? తిరిగి జవాబు చెప్పడానికి మాత్రం అప్పుడు ఓపిక లేదు. ఇప్పుడూ పెద్దగా లేదు. అలసిపోయాను గుండూ. ఈ చొక్కాల పని ఇదివరకైతే ఒక్కపూటలో తేల్చేదాన్ని, వారం పట్టింది. కుడి జేబులు విప్పలేదు. అక్కర్లేదనుకుంటే పంపు, విప్పుతాను.

ఇట్లు,
నువ్వు మాట్లాడకపోయినా నీ
అక్క

తా.క. ఉత్తరం మడిచి జేబులో పెట్టి, మళ్ళీ తీశాను. ఆ మాత్ర ఎలా తెలుసో చెబుతానన్నాను కదా. నేనూ అదే వేసుకుంటున్నాను. నువ్వు షాపు తెరిచిన వారంలోనే నాకు ఎడమ రొమ్ము తీసేశారు. క్యాన్సరు. మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. నీ సంబరం పాడుచెయ్యకూడదని ముందు చెప్పలేదు, నువ్వన్న మాట విన్నాక పంతం పట్టి చెప్పలేదు. నా ఒంట్లో ఆ హార్మోను మిగిలితే జబ్బుకి మేతవుతుందట, ఏళ్ళ తరబడి అణచాల్సిందేనట. నీకు ఉన్నది దాచడానికి జేబు కుట్టిన చేతులతోనే, నాకు లేనిది ఉన్నట్టు కనబడడానికి జాకెట్టు లోపల గుడ్డ మడిచి కుట్టుకున్నాను. వేడినీళ్ళ కుళాయి కింద నేనూ నిలబడతాను.

నిన్ను ఆ మాత్ర గురించి హెచ్చరిస్తూ రాస్తుంటే నాకెంత కుళ్ళుగా ఉందో తెలుసా? డాక్టరు మానమంటే నువ్వు మానేస్తావు, నీ వేళ్ళు నీకు తిరిగొస్తాయి. నాకు ఆ దారి లేదు. అయినా ఈ నొప్పులు పడలేక కిందటివారం నా అంతట నేనే ఆపేశాను. నీ గురించి అడిగానన్న డాక్టరమ్మ నా డాక్టరమ్మే. ఆవిడకీ చెప్పలేదు, మీ బావకీ చెప్పలేదు. ఏదీ దాచకు అని నీకు ఇంత రాసిన నేనే.

షీటు ఇక్కడే మెషీను పక్కన ఉంది. రేపు డాక్టరు దగ్గరికి బయల్దేరేముందు ఒక్క ఫోన్ చెయ్యి. నీ గొంతు విని వేసుకుంటాను.