తగిలించని బిళ్ళ

మార్చి 2, సోమవారం

మొన్నటి ఓ మామూలు పొద్దు గుర్తొస్తోంది. నేను ప్రార్థన ముగించి లేచేసరికి తమ్ముడు ఒంటికాలి మీద నిలబడి రెండో మేజోడు వెతుకుతున్నాడు. అది వాడి భుజం మీదే ఉంది. మరదలు చూసీ చెప్పలేదు, ఎంతసేపు వెతుకుతాడో చూద్దామనుకుందట. కాఫీ చల్లారిపోయింది. వెనక వాటాలో ఉండే మరిది, మా కడగొట్టు చెల్లెలి మొగుడు, తల మెడ మీదే ఉందో లేదో తడిమి చూసుకోమని గుమ్మంలోంచి కేకేశాడు. నీ నోరుండగా ఈ ఇంటికి అలారం ఎందుకు బావా అన్నాడు తమ్ముడు. తిట్టుకుంటూనే ఇద్దరూ డాక్‌కి వెళ్ళారు. వాళ్ళు తిట్టుకోని రోజే నాకు భయం.

ఇద్దరి పనీ అక్కడే. పాత నేవీ డ్రై డాక్. ఓడని లోపలికి తెచ్చి, గేట్ మూసి, నీళ్ళు తోడేసి రిపేర్ చేసే రాతి గొయ్యి. ఇప్పుడు ఓడలు రావు. ఇంజనీరింగ్ లాండ్‌మార్క్ అని కాపాడుతున్నారు. తమ్ముడు వాల్వ్ దగ్గర. మరిది పెయింటర్.

శుక్రవారం ఆ గొయ్యిలోకి నీళ్ళు వదులుతారట, ఇన్నేళ్ళకి. చూడ్డానికి పెద్దలొస్తున్నారు.

మార్చి 4

తమ్ముడు భోజనం కెలికి లేచాడు.

వాల్వ్ తిప్పితే నీళ్ళు గొయ్యి అడుగునున్న సొరంగంలోంచి ఒక్క ఉదుటున వస్తాయి. మధ్యలో ఆపలేరు. లోపల మనిషుంటే ఇక అంతే. అందుకే నాన్న అక్కడ పనిచేసిన కాలం నుంచీ మనిషికో ఇత్తడి బిళ్ళ. కిందికి దిగేవాడు బోర్డు మీది తన బిళ్ళ జేబులో వేసుకోవాలి. పైకొచ్చాక తిరిగి తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా వాల్వ్ ముట్టకూడదు.

తిప్పే చెయ్యి నాదక్కా అన్నాడు. దేవుడి చెయ్యి కూడా ఉంటుందిలే అన్నాను.

మార్చి 5

తమ్ముడి నీలం చొక్కా నిండా పెయింట్. మరిది పనే, కావాలని. రేపు ఉతకాలి.

మార్చి 6, ఉదయం 10

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి. వాషింగ్ మెషీన్‌లో ఏదో టకటకలాడింది. తీసి చూస్తే చొక్కా జేబులో ఇత్తడి బిళ్ళ. తమ్ముడిది. నిన్న తగిలించకుండా ఇంటికి మోసుకొచ్చేశాడు. ఫోన్ ఎత్తడు.

అదే రోజు, మధ్యాహ్నం

నిదానంగా రాస్తాను.

వెళ్ళేసరికి అంతా ఆగి ఉంది. పెద్దలు కుర్చీల్లో కాగితాలతో విసురుకుంటున్నారు. బోర్డు మీద ఒక్క కొక్కెం ఖాళీ. ఆ కొక్కెం మనిషి, మా తమ్ముడు, బోర్డు ముందే నిలబడి, నేనిక్కడే ఉన్నా కదయ్యా అని మొత్తుకుంటున్నాడు. నువ్వు కనబడితే నాకేంటి, బిళ్ళ కనబడాలి అన్నాడు మేస్త్రి. మనిషిని ఎదురుగా పెట్టుకుని బిళ్ళ కోసం కాచుకోవడమేం చోద్యమని ఆఫీసరు విసుక్కుంటున్నాడు.

బిళ్ళ తమ్ముడి చేతిలో పెట్టాను. వాడు కొక్కెం వైపు చెయ్యి చాచాడు.

కింద ఈల వినబడింది.

సొరంగం నోట్లోంచి మరిది తాపీగా నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో బ్రష్. అతని బిళ్ళ బోర్డు మీద మెరుస్తోంది. అంతకుముందే ఒకసారి పైకొచ్చి తగిలించాడట. గోడ మీద లోతు అంకెలు వేసిన బ్రష్ సొరంగంలో మర్చిపోయానని అవతలి మెట్ల మీదుగా మళ్ళీ దిగాడు. ఇంతలోకే బిళ్ళెందుకనుకున్నాడట.

ఒక్క బ్రష్ కోసం ఇంతమంది కంగారు పడాలా అన్నాడు కిందనుంచే. తమ్ముడు కొక్కెం దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మరిది పైకొచ్చి బోర్డు చూశాడు. వదినా, నా బిళ్ళ ఇక్కడే ఉంది కదా అన్నాడు, మెల్లగా.

తమ్ముడు మతిమరుపు మనిషి కాకపోయుంటే వాల్వ్ ఎప్పుడో తిరిగేది. ఈ మాట ఇంకోసారి రాయను.

ఆ తర్వాత నీళ్ళు వదిలారు. గేట్ చుక్క కారలేదు. మరిది వేసిన అంకెలు ఒక్కొక్కటే మునిగాయి. దేవుడికి ఏమని చెప్పుకోవాలో తెలియక ఊరికే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం

తమ్ముడు ఇక వాల్వ్ ముట్టనన్నాడు. అక్కడ అన్నయ్య కాక ఇంకెవరున్నా మా ఆయన్ని కిందికి దిగనివ్వనంది చెల్లెలు. మరిది ఒక్క జోకూ వెయ్యలేదు.

అందరం కూర్చుని తేల్చింది ఇది. తమ్ముడు వాల్వ్ దగ్గరే ఉంటాడు. ఇకమీద తమ్ముడి బిళ్ళ మరిది తగిలించాలి, మరిది బిళ్ళ తమ్ముడు. మొహం చూసి మరీ.

జేబులు తడమడం నా వంతు.