పిట్టల పేర వేసిన రెండు గింజలు

డైరెక్టర్ గారి సముఖమునకు,
మొక్కజొన్న పరిశోధన కేంద్రం, హైదరాబాద్.

అయ్యా,

విషయం: చలికి తట్టుకున్న పదకొండు మొక్కజొన్న మొక్కలను సోమవారం కాల్చివేయవలెనను ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో కాపురముంటూ, తమ కేంద్రపు చలిగదిలో పందొమ్మిదేళ్లుగా అటెండరుగా పనిచేయుచున్న కె. కృపాకర్ వ్రాసుకున్న విన్నపం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటిలో స్వెట్టరు కోరితిని. గొడుగు మంజూరైనది. ఆ సంగతి వదిలేశాను.

1. సదరు గదిలో మొలకలను ఎనిమిది డిగ్రీల చలిలో పద్నాలుగు రోజులుంచి, ఏ వంగడం బతుకుతుందో చూచుట మా విభాగం పని. పోయిన డిసెంబరులో 31వ ట్రేలో అన్నీ పాలిపోయి వాలిపోగా, మూలనున్న రెండు మాత్రం పచ్చగా నిలబడినవి. శాస్త్రవేత్త డాక్టర్ అభిజ్ఞ మేడమ్ వాటిని పెంచగా, ఎండాకాలపు వేడికి కంకులన్నిటికీ కలిపి పాతిక గింజలే పట్టినవి. పరీక్షలకు పోను మిగిలినవి మొలిచి ఇప్పటి పదకొండు మొక్కలైనవి. ఇవీ చలికి నిలిచినవి.

2. వీటి జన్యువులు 31వ ట్రేలోని వంగడంతో కలవలేదనియు, ఎవరో గింజలు కలిపినారనియు, కల్తీ గనుక కాల్చివేయవలెననియు మేడమ్‌కు సంజాయిషీ మెమో వచ్చినది. కలిపినది నేను. ఆమెకు ఏ పాపమూ తెలియదు.

3. విత్తడం అయ్యాక చివరన పిట్టల పేర రెండు గింజలు వేయనిదే మా అమ్మ బాలమ్మ చేయి కడుక్కునేది కాదు. ఆ అలవాటు నాకూ అంటుకున్నది. చలిగదిలో పిట్టలెక్కడివని తమరు అడగవచ్చును. నన్ను నేనూ అడిగాను, అయినా ఏటా వేశాను. ఆఫీసు గింజలు ఆఫీసువి, ముట్టరాదు గనుక, నిజాయితీగా ఉందామని ఇంటి గింజలే జేబులోంచి తీసి వేసేవాడిని. మొలవగానే, చలి పెట్టకముందే, పీకేసేవాడిని. పోయిన ఏడు నవంబరులో అమ్మ చనిపోయింది. ఆ నెల నేను పీకడం మరిచాను.

4. మేడమ్ ఆ రెండు మొలకలను చూసి మా అందరికీ ఇరానీ చాయ్, బిస్కెట్లు తెప్పించినారు. నేను బిస్కెట్ తిన్నాను, నోరు విప్పలేదు. ఆమె సంతోషం చెడగొట్టలేకపోయాను. విధి నిర్వహణలో నా లోపం ఇదే.

5. సదరు విత్తనం వివరం: అమ్మది ఆదిలాబాద్ వైపు ఊరు. అక్కడి చలి తమకు తెలియనిది కాదు. పెళ్లై వచ్చేటప్పుడు కొంగున కట్టి తెచ్చుకున్న మక్కగింజలను మా ఇంటి వెనక నాలా గట్టున నలభై ఏళ్లు వేసుకుంది. చలికాలంలో ఆ కంకులే కాల్చి చార్మినార్ దగ్గర అమ్మేది. నాలా వెడల్పు పనుల్లో ఆ జాగా పోయింది. డబ్బాలో మిగిలిన గింజలకు పురుగు పట్టింది. ఇప్పుడీ భూమ్మీద ఉన్నవి ఆ పదకొండే.

6. నిన్న మేడమ్‌కు ఉన్నదంతా చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఇంట్లో ఇంకా గింజలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. అప్పుడు ఇలా అన్నారు: "ఒక్క జన్యువుతోని అయ్యే పనైతే ఇంకో మొక్కల దేవులాడుకుంటుంటిమి అన్నా. చలికి ఓర్చుకునుడంటే పదుల జన్యువులు తలా ఇంత చేస్తేనే అయితది. ఇవి పోతే గవన్నీ మళ్ల ఒక్కకాడ కూడుడు మస్తు కష్టం."

నలుగురు తలో చెయ్యి వేస్తే నడిచే ఇల్లు మాది. కాబట్టి ఆ మాట నాకు అర్థమైనది.

కావున నన్ను సస్పెండు చేసినా సమ్మతమే. మొక్కలకు వేరే నంబరు వేసి బతకనివ్వగలరు. నేరం నాది గాని వాటిది కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. కృపాకర్
చలిగది అటెండరు

తా.క.: కాల్చే పని మెమోలో నాకే వేశారు. పొద్దున గదిలోకి పోయి ఒక మొక్క మొదలు పట్టుకున్న. పందొమ్మిదేండ్లు చచ్చినవాటిని ఎత్తిపోసిన, ఒక్కనాడు ఫికర్ చెయ్యలే. బతికినదాన్ని పీకుమంటే చేతులొస్తలేవు సారూ. తమరే ఒక్కసారి గదిలకు రండి. చూసినంక కూడా కాల్చుమంటే, ఆ పని ఇంకెవరికన్న చెప్పండి.